ఎదురింటి పుట్టిల్లు

మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాటునూ ఏడాదికి తక్కువ గడువుతో అద్దెకివ్వకూడదన్న నియమం రాసింది నేను. వరండాలో చెప్పుల స్టాండు పెట్టకూడదని, లిఫ్టు తలుపుకు కాలు అడ్డం పెట్టి ఆపకూడదని రాసిందీ నేనే. నా పేరు రామబ్రహ్మం. అసోసియేషన్ సెక్రటరీని. పుప్పాలగూడలో మాది అయిదంతస్తుల పాత కట్టడం. చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య దాని పరువు నా నియమాల వల్లే నిలబడుతోందని నా నమ్మకం. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. కాదని నేను అరిచి మరీ చెబుతుంటాను. అలాంటి నా ఎదుటే, నవ్వుతూ, నాకు కడుపునిండా భోజనం పెట్టి మరీ ఆ నియమాలన్నీ మీరిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ అనసూయమ్మగారు.

ఆవిడది కడప జిల్లా మైదుకూరు. భర్త వెంకటరమణగారితో కలిసి అక్కడ ఎరువులు, పురుగుమందుల అంగడి నడుపుతారు. బోర్డు మీద పేరు ఆయనది, గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఆయనది, మాట మాత్రం ఆవిడది. రైతులు పసుపు ఆకో శనగ కొమ్మో తెంపుకొచ్చి బల్లమీద పెడితే, కళ్ళజోడు సవరించుకుని ఒక్క చూపు చూసి, ఫలానా తెగులు, ఫలానా మందు కొట్టు అని చెప్పేస్తారు. చాలాసార్లు సరిగ్గానే చెబుతారట. ఆ ధీమా కాలక్రమేణా పంటల మీది నుంచి మనుషుల మీదికి పాకింది. జలుబు నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా ఊళ్ళో ఎవరు ఏమడిగినా ఆవిడ దగ్గర ఒక మందు ఉండేది.

ఆవిడకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తొలికాన్పుకు పిలుచుకుపోయే దిక్కులేక అత్తగారింట్లోనే కూతురు సౌజన్యను కన్నారు. అత్తగారు మంచి మనిషేనట. అయినా బాలింతగా ఉన్నప్పుడు మరో గ్లాసు వేడినీళ్ళు అడగడానికి మొహమాటపడి దాహంతోనే పడుకున్న రోజులున్నాయని ఆవిడ ఒకసారి మా ఆవిడతో చెప్పారు. అందుకే తన కూతురి తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆవిడకు ఆచారం మాత్రమే కాదు, పంతం. సౌజన్యకు నెల తప్పిందని తెలిసిన వారంలోనే మైదుకూరు ఇంట్లో ఒక గదికి సున్నం వేయించి, అటక మీది ఉయ్యాల దింపి కడిగించారు.

సౌజన్య హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఉద్యోగి, ఎక్కువ రోజులు ఇంటినుంచే పని చేస్తుంది. భర్త హేమంత్ ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. మేం ఉండే మూడో అంతస్తులోనే ఉంటారు. పిల్ల నెమ్మది. సరైన సమయానికి మెయింటెనెన్సు కడుతుంది కాబట్టి నాకు ఇష్టం కూడా.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున, ఆఫీసు మీటింగుకు కూర్చోబోతూ సౌజన్య తన బట్టల మీద ఎర్రటి రక్తం చూసుకుంది. నొప్పి లేదు. బిడ్డ మామూలుగానే కదులుతోంది. భర్తను లేపకుండా ముందు తల్లికి ఫోన్ చేసింది. అటునుంచి అనసూయమ్మగారు, ముందు రైతు ఆకు పట్టుకు నిలబడి ఉండగానే, రోగం తేల్చేశారు.

“నొప్పి ల్యాదంటివి గదా, ఏం కాదులే పాపా. వేడి చేసింటాది. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగు.”

సౌజన్య తాగింది. కాసేపటికి రక్తం ఆగిపోయింది. సబ్జా పనిచేసిందని తల్లీకూతుళ్ళిద్దరూ నమ్మారు. నిజానికి అది దానంతటదే ఆగింది. అలా ఆగిపోవడమే దాని మోసం. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువగా. ఆ రోజు హేమంత్ చూశాడు కాబట్టి సబ్జా దాకా పోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ లోపల చెయ్యి పెట్టి చూడకుండా ముందు స్కాన్ చేయించింది. బిడ్డకు ఆహారమూ గాలీ అందించే మాయ మామూలుగా గర్భసంచిలో పైకి అంటుకుని ఉంటుంది. సౌజన్యకు అది బాగా కిందికి, బిడ్డ బయటికి రావలసిన దారికే అడ్డంగా ఉంది. అయిదో నెల స్కాన్‌లోనే కొంచెం కిందికి ఉన్నట్టు కనిపించింది కానీ, చాలామందికి నెలలు నిండేకొద్దీ పైకి జరిగిపోతుంది కాబట్టి మళ్ళీ చూద్దామన్నారు. ఈమెకు జరగలేదు. నెలలు నిండుతుంటే గర్భసంచి కింది భాగం సాగుతుంది, అక్కడ మాయ అంచులు కాస్త ఊడి రక్తం వస్తుంది. నొప్పి తెలియదు.

సౌజన్యను ఆసుపత్రిలో ఉంచుకున్నారు. బిడ్డ ముందే పుడితే ఊపిరితిత్తులు పనిచేయడానికి తల్లికి సూదులు వేశారు. ఆమెది ఓ నెగటివ్ రక్తం కావడంతో, బిడ్డది పాజిటివ్ అయినా చిక్కు రాకుండా దానికి వేరే సూది వేశారు.

సాయంత్రానికి అనసూయమ్మగారు కారులో దిగారు. వెనక సీటు మీద పరుపు పరిపించి, దిండ్లు పేర్చి, కూతుర్ని మెల్లగా పడుకోబెట్టి మైదుకూరు తీసుకుపోదామనే వచ్చారు. డాక్టరమ్మ ఆ మాట విని మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు. కర్నూలు దాటాక రోడ్డు మీద రక్తం మొదలైతే పరుపు ఏం చేస్తుందని అడిగింది. అప్పుడు ఆవిడ, ఎవరూ అడగకుండానే, సబ్జా గింజల సంగతి చెప్పేశారు. హేమంత్‌కు అది అక్కడే మొదటిసారి తెలిసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“అమ్మా, నొప్పి లేదు కదా అనుకోవడమే ప్రమాదం. నెలలు నిండుతున్న మనిషికి చుక్క రక్తం కనబడినా, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆగిపోయినా సరే, ఆసుపత్రికి రావాలి. ఇంట్లో కూర్చుని ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.”

ఇంకో రకం కూడా ఉందని చెప్పింది. మాయ సరైన చోటే ఉన్నా, బీపీ పెరిగో, పడిపోయి దెబ్బ తగిలో, ముందుగానే ఊడిపోతుంది. అప్పుడు పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి తట్టుకోలేరు. రక్తం లోపలే నిలిచిపోయి పైకి కొంచెమే కనిపించవచ్చు. మేమేం తప్పు చేసినామని అనసూయమ్మగారు అడిగితే, మునుపటి ఆపరేషన్లు, కవలలు, వయసు, పొగాకు లాంటివి కొందరిలో కారణమని, చాలామందిలో ఏ కారణమూ దొరకదని, తిండికీ వేడికీ దిష్టికీ దీంతో ఏ సంబంధమూ లేదని చెప్పింది. రక్తం ఆగి కొన్నాళ్ళు గడిచాక ఇంటికి పంపుతాను కానీ, ఇల్లు ఆసుపత్రికి పక్కనే ఉండాలి, మనిషి ఎప్పుడూ తోడుండాలి, బరువులు ఎత్తకూడదు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి, రక్తమిచ్చేవాళ్ళను ముందే చూసుకోవాలి, నెలలు పూర్తిగా నిండకముందే ఆపరేషన్ చేస్తాను అంది. భార్యాభర్తల మాట దగ్గర హేమంత్ నేల చూశాడు.

కూతురింటికి తిరిగొచ్చిన అనసూయమ్మగారు అన్నం ముట్టలేదు. వరండాలో, నా నియమానికి విరుద్ధంగా పెట్టిన చెప్పుల స్టాండు మీద కూర్చున్నారు. నేను కోపంగా మాట్లాడదామని వెళ్ళి, ఆవిడ ముఖం చూసి, నీళ్ళు కావాలా అని మాత్రం అడిగాను. నా నోటితో నా బిడ్డను చంపుకుంటి గదన్నా, అన్నారు. బిడ్డ బాగానే ఉంది కదమ్మా అన్నాను. ఆవిడ వినలేదు. ఎదురుగా తాళం వేసి ఉన్న ఫ్లాటు వైపు చూస్తున్నారు.

ఆ ఫ్లాటు యజమాని మూసాపేటలో ఉంటాడు. మంచి బేరం వచ్చేదాకా ఎవరికీ ఇవ్వనని ఏళ్ళతరబడి తాళం వేసి పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ తాళంచెవి అనసూయమ్మగారి నడుముకు ఉంది. ఎలా తెచ్చారో ఇప్పటికీ తెలియదు. ఆ ఇంటాయన భార్య కళ్ళు తుడుచుకుంటూ తనే ఇచ్చిందని మాత్రం విన్నాను.

నేను నియమాల కాగితం తీసుకుని వెళ్ళాను. ఏడాదికి తక్కువ గడువుతో కుదరదండి అన్నాను.

“మీ రూలు బాడిగకు ఉండేవాళ్ళకు గదన్నా. ఇది నా బిడ్డ పుట్టినిల్లు. పుట్టినింటికి గడువు రాసినోళ్ళు యాడన్నా ఉండారా?”

ఆలోచించాను. అలాంటి నియమం నేను రాయలేదు. నేను వెతుక్కుంటుండగానే, అది సరే, నీ రక్తం ఏ గ్రూపు అని అడిగారు. బీ పాజిటివ్ అన్నాను. ఆవిడ ముఖంలో నా మీద జాలి కనబడింది. బీ పాజిటివ్ అయినందుకు జీవితంలో సిగ్గుపడింది ఆ ఒక్క రోజే.

ఇక ఆ ఇల్లు పుట్టిల్లుగా మారడం చూడాలి. మైదుకూరు నుంచి లారీలో మంచం వచ్చింది, నీళ్ళు కాచే రాగి కాగు వచ్చింది, ఉయ్యాల వచ్చింది, చివరికి అంగడి వదిలిపెట్టి వెంకటరమణగారు కూడా వచ్చారు. పుట్టింట్లో తండ్రి లేకపోతే ఎట్లా అని ఆవిడ వాదన. పాలు పొంగించారు. వాకిట్లో మామిడాకుల తోరణం కట్టారు. దాని మీద కూడా నాకొక నియమం ఉంది. అప్పటికి దాని గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు.

సౌజన్యను ఆసుపత్రి నుంచి పంపారు. తాడిపత్రి నుంచి హేమంత్ తల్లిదండ్రులు వచ్చి శ్రీమంతం చేసి, గాజులు తొడిగి, ఒడి నింపి, కోడల్ని పుట్టింటికి పంపే కార్యం పద్ధతి ప్రకారం జరిపించారు. డాక్టరమ్మ నడవొద్దంది కాబట్టి చక్రాల కుర్చీ. దాన్ని తోసే పని మా వాచ్‌మన్ యాదయ్యది. అతనిది పాలమూరు వైపు. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన తండ్రిగా వెంకటరమణగారు పంచె కట్టి, కండువా వేసి, పెట్టె మోశారు. ఇటు తలుపులోంచి బయటికొచ్చి అటు తలుపులోకి వెళ్ళడమే ప్రయాణమంతా. అయినా అనసూయమ్మగారు దారిలో తినడానికని పెరుగన్నం మూట కట్టారు. అంతస్తు అంతా నవ్వింది. పిల్ల కూడా చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ మూట యాదయ్య తిన్నాడు.

అల్లుడు అత్తవారింటికి వచ్చిపోవడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది. హేమంత్ రోజూ ఆఫీసు నుంచి వచ్చి, తన ఇంట్లో స్నానం చేసి, మంచి చొక్కా వేసుకుని, పండ్ల సంచి పట్టుకుని ఎదురు తలుపు కొట్టేవాడు. అత్తగారు కాళ్ళకు నీళ్ళిచ్చి, మామగారు ప్రయాణం బాగా జరిగిందా అని అడిగి, ఆకేసి వడ్డించేవారు. తిని, భార్యతో కాసేపు మాట్లాడి, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయేవాడు. ఆ నెలలో అతను కొంచెం లావయ్యాడు.

రక్తం వేట మాత్రం వేళాకోళం కాదు. ఓ నెగటివ్ వాళ్ళకు ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి, అది అరుదు. అనసూయమ్మగారు లిఫ్టులో, పాలబూత్ దగ్గర, సాయంత్రం నడిచేవాళ్ళ మధ్య, కొత్తవాళ్ళను కులగోత్రాలు అడిగినట్టు రక్తం గ్రూపు అడిగేవారు. జవాబు ఏదైనా చేతిలో ఓలిగ పెట్టేవారు. నేను వాటిని బొబ్బట్లంటాను, యాదయ్య పోలెలంటాడు, పేరేదైనా మా కట్టడంలో అందరి గ్రూపులూ అందరికీ తెలిసిపోయాయి. నాలుగో అంతస్తులో వేణు అనే కుర్రాడు దొరికాడు. రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోయేవాడు, మాలో ఎవరూ అతని ముఖం చూసి ఎరగం. రెండో మనిషి యాదయ్యే. తన గ్రూపు తనకే తెలియదు. ఆవిడ లాక్కుపోయి పరీక్ష చేయిస్తే ఓ నెగటివ్ అని తేలింది. ఇద్దరూ ముందే రక్తమిచ్చి వచ్చారు. యాదయ్య వారం పాటు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగాడు.

ఆ నెలలోనే మైదుకూరు రైతు ఒకాయన, కోడలికి ఏడో నెలలో ఇట్లాగే కనబడిందని, ఏం మందు ఇవ్వమంటావని ఫోన్ చేశాడట. మందు లేదు, బండి కట్టు, ఆసుపత్రికి పో, పోయినాక నాకు ఫోన్ చేయి అని ఆవిడ కేకలేశారు. నేను పక్కనే ఉండి విన్నాను. రోగం పేరు చెప్పకుండా ఆవిడ ఫోన్ పెట్టేయడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. ఆ రోజు రాకముందే, ఊరంతా ఆఫీసులకు బయలుదేరే వేళ, సౌజన్య గదిలోంచి తల్లిని పిలిచింది. ఈసారి రక్తం ధారగా ఉంది. అనసూయమ్మగారు వంటింటి వైపు చూడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. తలుపు పక్కన సిద్ధంగా ఉన్న సంచి భుజాన వేసుకుని, డాక్టరమ్మకు ఫోన్ చేసి, మేం బయలుదేరుతున్నామని మాత్రం చెప్పారు. హేమంత్ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి భార్యను కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను లిఫ్టు తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడ్డాను.

కింద యాదయ్య గేటు బార్లా తీసి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ఆ వేళకు అక్కడ కార్లు, కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు ఇంచు కదలవు.

“ఫికర్ జెయ్యకమ్మా. రోడ్డు నేను ఖాళీ జేపిస్త, నువ్వు బిడ్డ చెయ్యి ఇడువకు,” అని, ఈల ఊదుతూ రెండు చేతులూ చాపి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. వెనకాల హారన్లు మోగిపోయాయి. అతను కదల్లేదు. మా కారు బయటపడింది. డ్రైవింగు నాదే. ఆ రోజు నేను రోడ్డు నియమాలు ఎన్ని మీరానో చెప్పను.

ఆసుపత్రిలో తలుపు దగ్గరే మనుషులు సిద్ధంగా ఉన్నారు. పిల్లను లోపలికి తీసుకెళ్ళిపోయారు. వేణు, యాదయ్య ఇచ్చిన రక్తం వెంటనే ఎక్కించారని తర్వాత చెప్పారు. బయట మేం కూర్చున్నాం. వెంకటరమణగారు దేవుడి పేర్లు చెప్పుకుంటున్నారు. అనసూయమ్మగారు తలుపునే చూస్తున్నారు. నాకు భయం వేసింది. పిల్ల పోతే ఈవిడ బతకదని అనిపించింది.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. ఆడపిల్ల, చిన్నగా ఉంది, కానీ గట్టిగా ఏడ్చింది అంది.

“నా బిడ్డ?” అన్నారు అనసూయమ్మగారు.

బిడ్డను తీశాక కూడా రక్తం ఆగడానికి టైము పట్టిందని, ఇప్పుడు ఆగిందని, ఇంకాస్త ఆలస్యమై ఉంటే తన చేతుల్లో ఉండేది కాదని చెప్పింది. మెలకువగానే ఉంది, చూడొచ్చంది. అనసూయమ్మగారు లేచి, సంచి భుజాన వేసుకుని లోపలికి నడిచారు. ఏడ్చింది మాత్రం నేను. సిగ్గేం లేదు, బాగా ఏడ్చాను.

పసిదాన్ని కొన్నాళ్ళు అక్కడే గాజుపెట్టెలో ఉంచి, బరువు పెరిగాక పంపారు. తర్వాత మా మూడో అంతస్తుకు పండగే. పొద్దున్నే కాగులో నీళ్ళ సలసల, బాలింతకు వెల్లుల్లి కారం వాసన, సాంబ్రాణి పొగ లిఫ్టు దాకా. సౌజన్య ఏదీ అడగవలసిన పని లేదు, అడిగేలోపే వేడినీళ్ళ గ్లాసు చేతిలో ఉండేది. ఉయ్యాలలో వేసిన రోజు వేణు పగటి నిద్ర మానుకుని వచ్చాడు. యాదయ్య మాత్రం, సౌజన్య ఒంట్లో తన రక్తం ఉంది కాబట్టి ఆమె ఇకమీదట సగం పాలమూరు మనిషేనని, జొన్నరొట్టె అడిగితే ఆశ్చర్యపోవద్దని అందరికీ చెప్పాడు. ఆమె నిజంగానే అడిగింది, అతని భార్య చేసి పంపింది.

పసిదానికి మూడో నెల రాగానే తల్లీబిడ్డలను అత్తవారింటికి పంపే రోజు వచ్చింది. మళ్ళీ తాడిపత్రి వాళ్ళు వచ్చారు. చీర, సారె, చలిమిడి, పసిదానికి వెండి మొలతాడు. ఈసారి చక్రాల కుర్చీ లేదు. సౌజన్య బిడ్డను గుండెకు హత్తుకుని, తల్లిదండ్రుల కాళ్ళకు దండం పెట్టి, తన కాళ్ళ మీద నడుచుకుంటూ వరండా దాటి ఎదురింట్లోకి వెళ్ళింది. హారతిచ్చి లోపలికి తీసుకున్నారు. తలుపు మూసుకుంది. మేం మిఠాయిలు తింటూ, పిల్ల చాలా దూరం పోయింది పాపం అని అనసూయమ్మగారిని ఆటపట్టించాం.

పనిమనిషి కనకమ్మ చీపురు తీసింది. అనసూయమ్మగారు వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. పోయినవాళ్ళు చేరామని చెప్పేదాకా ఇల్లు ఊడవకూడదు. మేమంతా ఘొల్లున నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఒళ్ళో ఫోన్ పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆ ముఖం చూసి ఒక్కొక్కరమే నవ్వడం మానేశాం.

ఫోన్ మోగింది. ఆవిడ తొందరలో స్పీకరు నొక్కేశారు.

“అమ్మా, చేరినాం.”

“ఇద్దరూనా?”

“ఇద్దరమూ చేరినామమ్మా. బాగుండాం.”

మూడు నెలలుగా ఆసుపత్రిలో గానీ ఇంట్లో గానీ కన్నీటి చుక్క రాల్చని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమన్నారు. వెంకటరమణగారు భుజం పట్టుకున్నారు. అటువైపు సౌజన్య అమ్మా, అమ్మా అని పిలుస్తోంది. తలుపు తీసి పిలిస్తే వినబడేంత దగ్గర. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నారు.

“ఇంకొక్కసారి చెప్పు పాపా,” అన్నారు.